మన సైన్యం పరాయి గడ్డ మీద యుద్ధం చేయలేదా? బస్రా నుంచి జాఫ్నా దాకా

ప్రశ్న: "మా తాతగారి నాన్న మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా వెళ్ళొచ్చాడని ఇంట్లో చెప్తారు. ఆయన పతకం కూడా ఒకటి మా దగ్గర ఉంది. కానీ భారతదేశం ఏనాడూ పరాయి దేశానికి సైన్యాన్ని పంపలేదని చిన్నప్పటి నుంచి వింటున్నాం. రెండూ ఎలా కుదురుతాయి? స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్ళు బయటి యుద్ధాలకు వెళ్ళారా?"

మీ ఇంట్లో చెప్పే మాట నిజమయ్యే అవకాశమే ఎక్కువ. ఏనాడూ పంపలేదన్న మాట మాత్రం తప్పు. 1914 నుంచి 1945 దాకా సముద్రం దాటి పోరాడిన సైన్యాల్లో భారత సైన్యం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొరియా, గాజా, కాంగో, శ్రీలంక, మాల్దీవులు, సొమాలియా, సియెర్రా లియోన్‌లకు మన జవాన్లు వెళ్ళారు. కొన్నిచోట్ల కాపలా కాశారు, కొన్నిచోట్ల పోరాడారు, చనిపోయారు కూడా.

నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీరు దళంలో, పనిచేసి రిటైరైనవాణ్ణి. శ్రీలంక వెళ్ళినవాళ్ళలో ఒకణ్ణి. ఆ తర్వాత ఈ చరిత్ర చదవడం అలవాటైంది. చదివేకొద్దీ నాకు గెలుపోటముల కంటే ఒక విషయం ముఖ్యమనిపించింది. ఒక్కో యుద్ధానికి మనవాణ్ణి పంపిన నిర్ణయం ఎవరిది? మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది, కాబట్టి ఆ వరసలోనే చెప్తాను.

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. దాంతో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్టే లెక్క. ఇక్కడి వాళ్ళని ఎవరూ అడగలేదు. సెప్టెంబరు 26న లాహోర్ డివిజన్ దళాలు ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో దిగడం మొదలైంది. నెల తిరిగేసరికి బెల్జియంలో ఈప్ర పట్టణం దగ్గర కందకాల్లో ఉన్నారు. ఎండాకాలపు బట్టలతో వెళ్ళి యూరప్ చలికాలంలో పడ్డారు. అక్టోబరు 31న అక్కడే చేసిన పోరాటానికి ఖుదాదాద్ ఖాన్ అనే మెషిన్‌గన్ సిపాయికి బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ మీద జరిగిన దాడిలో దాదాపు సగం బలగం మనవాళ్ళే. ఆ ఊళ్ళో ఇప్పుడున్న స్మారకం మీద సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు చెక్కి ఉంటాయి.

సినిమాల్లో, పుస్తకాల్లో ఫ్రాన్స్ కందకాలే ఎక్కువ కనిపిస్తాయి కానీ మనవాళ్ళు ఎక్కువమంది వెళ్ళింది మెసొపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి. యుద్ధం మొత్తమ్మీద సముద్రం దాటిన భారతీయులు 10 లక్షలకు పైనే. అందులో పోరాడేవాళ్ళు, కూలీలు, కంచర గాడిదలు తోలేవాళ్ళు, వంటవాళ్ళు అందరినీ కలిపితే 6 లక్షలకు పైగా ఆ ఒక్క రంగానికే వెళ్ళారు. చనిపోయినవాళ్ళు అన్ని రంగాల్లో కలిపి 74 వేల మంది దాకా ఉంటారు. మీ ముత్తాతగారిది బస్రా కథ కావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

బస్రా ఎందుకంటే చమురు కోసం. బ్రిటిష్ నౌకాదళం బొగ్గు నుంచి చమురుకు మారుతున్న రోజులవి. పర్షియాలోని (ఇప్పటి ఇరాన్) అబాదాన్ శుద్ధి కర్మాగారాన్ని కాపాడుకోవాలి, జర్మనీ పక్షాన ఉన్న టర్కీవాళ్ళని గల్ఫ్ చివరికి రానివ్వకూడదు. 1914 నవంబరులో బస్రా పట్టుకున్నారు. అక్కడ ఆగి ఉంటే కథ వేరే. తేలికగా గెలిచామన్న ధీమాతో టైగ్రిస్ నది వెంబడి బాగ్దాద్ దాకా పోదామనుకున్నారు. జనరల్ టౌన్‌షెండ్ కింద 6వ పూనా డివిజన్ పైకి వెళ్ళింది. పడవలు చాలవు, డాక్టర్లు చాలరు, మందులు లేవు. టెసిఫాన్ దగ్గర టర్కీ సైన్యం ఆపేసరికి వెనక్కి వచ్చి కూట్ అనే ఊళ్ళో ఇరుక్కుపోయారు. 1915 డిసెంబరు మొదట్లో మొదలైన ముట్టడి 1916 ఏప్రిల్ 29న లొంగుబాటుతో ముగిసింది.

ఆ నెలల్లో కూట్‌లో తిండి అయిపోయింది. గుర్రాలను కోసి తినమన్నారు. చాలామంది భారతీయ సిపాయిలు చాలాకాలం ముట్టుకోలేదు. ఇండియా నుంచి మతపెద్దలు తినవచ్చని కబురు పంపినా ఒప్పుకోనివాళ్ళున్నారు. ఇంటికెళ్ళాక కులంలోంచి వెలేస్తారేమో, పిల్లకి సంబంధం రాదేమో అన్నది వాళ్ళ భయం. ఆకలికి, స్కర్వీకి మనుషులు ఎముకల గూళ్ళైపోయారు. వాళ్ళను విడిపించడానికి కింది నుంచి వచ్చిన సైన్యంలో చచ్చినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు కలిపి 20 వేలు దాటారు. చివరికి 13 వేల మంది దాకా లొంగిపోయారు. టౌన్‌షెండ్‌ని ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో ఒక బంగళాలో మర్యాదగా ఉంచారు. మామూలు సిపాయిలను ఎడారి మీదుగా నడిపించారు. వేలమంది దారిలోనో, క్యాంపుల్లోనో పోయారు. ఈ గందరగోళం మీద బ్రిటన్‌లో విచారణ కమిషన్ వేశారు. 1917లో నివేదిక బయటికి రాగానే భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లెయిన్ రాజీనామా చేశాడు. ఆ ఏడాది మార్చిలోనే బాగ్దాద్ కూడా చిక్కింది, అదీ మళ్ళీ ఎక్కువగా భారతీయ బలగంతోనే.

తెలుగువాళ్ళ పేర్లు ఈ కథల్లో ఎందుకు తక్కువగా వినిపిస్తాయని మీరు అడగలేదు కానీ ఆ అనుమానం అందరికీ వస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో కంపెనీవాళ్ళ మద్రాసు సైన్యంలో మనవాళ్ళు బోలెడు మంది. 1857 తర్వాత, ముఖ్యంగా 1880ల నుంచి, ఇంగ్లీషువాళ్ళకి "యుద్ధ జాతుల" పిచ్చి పట్టుకుంది. పంజాబీలు, పఠాన్లు, గూర్ఖాలే సైనికులకు పనికొస్తారని, దక్షిణాదివాళ్ళు మెత్తబడిపోయారని రాసుకున్నారు. పాత మద్రాసు పటాలాల్లో కొన్నిటిని రద్దు చేశారు, కొన్నిటిలో పంజాబీలను నింపి పేరే మార్చేశారు. ఆ సిద్ధాంతంలో శాస్త్రం ఏమీ లేదని నా అభిప్రాయం. తిరగబడని ప్రాంతాలను ఏరుకుని దానికో అందమైన పేరు పెట్టుకున్నారు, అంతే. ఫలితంగా 1914 నాటికి తెలుగువాళ్ళకి తెరిచి ఉన్న పెద్ద తలుపు సాపర్స్. బెంగుళూరులో ఉండే ఈ దళం వంతెనలు, రోడ్లు, కందకాలు, పేలుడు పదార్థాల పని చేస్తుంది. మెసొపొటేమియాలో మద్రాస్ సాపర్స్ కంపెనీలు పనిచేశాయి. ఇక కూలీలుగా, బండ్లు తోలేవాళ్ళుగా వెళ్ళినవాళ్ళకి లెక్కే సరిగా లేదు.

లెక్క లేదని ఊరికే అనడం లేదు. బస్రాలో కట్టిన స్మారకం మీద ఇంగ్లీషువాళ్ళ పేర్లు, భారతీయ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు రాసి, దాని కింద ఎంతమందో అంకె వేసి సరిపెట్టారు. 2021 ఏప్రిల్‌లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ తానే వేసిన కమిటీ నివేదికలో ఈ సంగతి ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఆఫ్రికా, ఆసియా సైనికులు, కూలీల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపు లేదని అందులో ఉంది. ఆ స్మారకం కూడా ఇప్పుడు బస్రా రేవులో లేదు. 1997లో సద్దాం హుస్సేన్ దాన్ని ఊడదీయించి నాసిరియా రోడ్డు మీద ఎడారిలో పెట్టించాడు.

హైదరాబాద్ వైపు వాళ్ళకి ఒక ముక్క. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో నిలబడిన మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సంస్థానాల అశ్వికదళాలవి. 1918 సెప్టెంబరు 23న హైఫా మీద గుర్రాలతో దూకింది జోధ్‌పూర్, మైసూరు రౌతులు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు కానీ ఆ రోజు దాడిలో లేరు. నిజాం డబ్బు కూడా బాగానే ఇచ్చాడు. ఆయన ఇచ్చిన సొమ్ముతో విమానాలు కొన్నందుకు బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో యుద్ధంలో ఆస్ట్రేలియా నౌకాదళంలో "నిజాం" అనే యుద్ధనౌకే ఉండేది.

మనుషులతో పాటు డబ్బు కూడా పోయింది. 1917లో భారత ప్రభుత్వం యుద్ధ ఖర్చుకి 10 కోట్ల పౌండ్లు "కానుక"గా ఇచ్చింది. పన్నులు కట్టింది మన రైతులు, ఇచ్చినవాళ్ళు ఇంగ్లీషు అధికారులు. యుద్ధంలో సాయపడితే స్వపరిపాలన వస్తుందని గాంధీ సహా చాలామంది నమ్మారు. గాంధీగారు 1918లో గుజరాత్ ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని ఊరూరా తిరిగాడు కూడా. 1919లో వచ్చినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ మొదలు ఇలాగే. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. అప్పటికి ఎన్నికైన ప్రభుత్వాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒక్కరినీ సంప్రదించలేదు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు, మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా, రాజీనామా చేశాయి. అయినా సైన్యం 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. నిర్బంధంగా చేర్చుకోకుండా అంత పెద్ద సైన్యం చరిత్రలో లేదంటారు. నిర్బంధం చట్టంలో లేదు, నిజమే. ఇంట్లో గింజలు లేనివాడికి నెలజీతం, రేషను దొరకడం ఎంతవరకు స్వచ్ఛందమో మీరే ఆలోచించండి. అంతమంది అవసరమయ్యేసరికి "యుద్ధ జాతులు" చాలలేదు. మద్రాస్ రెజిమెంటు మళ్ళీ లేచింది ఈ యుద్ధంలోనే.

ఎరిత్రియాలో కెరెన్, ఈజిప్టులో ఎల్ అలమైన్, ఇటలీలో మోంటే కసీనో, ఇవన్నీ మన డివిజన్లు పోరాడిన చోట్లే. వాటి మీద పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి నేను అక్కడ ఆగను. తెలుగువాళ్ళకి ఈ యుద్ధం తగిలింది తూర్పు నుంచి. రంగూన్ రేవులో పనిచేసే కూలీల్లో గోదావరి, విశాఖ జిల్లాల వాళ్ళు ఎక్కువ. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు రేవుల్లో పడ్డ శవాల్లో మనవాళ్ళవి ఎన్నో. ఆ తర్వాత లక్షలాది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల మీదుగా నడిచి వచ్చారు. ఓడల్లోనూ, మంచి దారుల్లోనూ తెల్లవాళ్ళకి ముందు చోటు ఇచ్చారు. దారిలో వేలమంది పోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ప్రాణనష్టం తక్కువే కానీ కోస్తా అంతా టెన్షన్ పట్టుకుని జనం లోపలి ఊళ్ళకి పారిపోయారు.

మలయాలో, అంటే ఇప్పటి మలేషియా వైపు, ఇంకో రకం కష్టం. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయినప్పుడు పట్టుబడ్డవాళ్ళలో దాదాపు సగం భారతీయ సైనికులు. రబ్బరు తోటల్లో పనిచేసే తమిళ, తెలుగు కూలీలను జపాన్‌వాళ్ళు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి బర్మాకి రైలుదారి వెయ్యడానికి తోలుకుపోయారు. బ్రిటిష్, ఆస్ట్రేలియా ఖైదీల కథ ప్రపంచమంతా తెలుసు. వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన ఈ కూలీలకు చాలామందికి సమాధులు కూడా లేవు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్ళలో ఇలాంటి తోటల జనం చాలామంది ఉన్నారు. జర్మనీ నుంచి నేతాజీతో పాటు జలాంతర్గామిలో వచ్చిన అబిద్ హసన్ మన హైదరాబాద్ వాడు. "జై హింద్" అనే పలకరింపు ఆయన పెట్టిందేనంటారు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి, స్కూలు పాఠాల్లో రాదు. 1945 ఆగస్టులో జపాన్ ఓడిపోయింది. యుద్ధం అయిపోయిందని మనవాళ్ళు పెట్టెలు సర్దుకుంటుంటే, బ్రిటన్ వాళ్ళని ఇండోనేషియాకి, వియత్నాంకి పంపింది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు తమ పాత వలసలు తిరిగి పట్టుకునేదాకా కాపలా ఉండాలి. సురబయాలో భారతీయ బ్రిగేడ్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండోనేషియన్ల మీద కాల్పులు జరపాల్సి వచ్చింది. తన దేశానికి స్వాతంత్ర్యం లేనివాడు ఇంకొకరి స్వాతంత్ర్యాన్ని అణచడానికి తుపాకీ పట్టుకున్నాడు. నెహ్రూ బహిరంగంగా మండిపడ్డాడు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో నావికులు తిరగబడ్డారు. అది కరాచీ, విశాఖ దాకా పాకింది. తిండి బాగా లేదన్నది వాళ్ళ ఫిర్యాదుల్లో ఒకటి. ఇండోనేషియా నుంచి భారతీయ దళాలను వెనక్కి రప్పించమన్నది ఇంకొకటి. మన సైన్యం ఎక్కడికి వెళ్ళాలో యూనిఫాం వేసుకున్నవాళ్ళే నోరు విప్పి అడిగిన సందర్భం అది. 1947 తర్వాత ఢిల్లీ తీసుకున్న నిర్ణయాలు చాలావాటికి వేరు ఇక్కడుందని నేననుకుంటాను.

మొదటి పరీక్ష కొరియా. 1950లో యుద్ధం మొదలైనప్పుడు అమెరికా సైన్యం పంపమంది. నెహ్రూ పోరాడే దళాలు పంపనన్నాడు, డాక్టర్లను పంపుతానన్నాడు. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ నవంబరులో పూసాన్‌లో దిగింది. వెళ్ళిన కొద్ది రోజులకే చైనా సైన్యం విరుచుకుపడి అందరూ ప్యాంగ్యాంగ్ వదిలి పారిపోతున్నారు. లారీలు లేవు, మందులూ పరికరాలూ వదిలేసి రమ్మన్నారు. అవి పోతే తాము చేసేదేముందని మనవాళ్ళు ఒక పాత ఆవిరి ఇంజన్ వెతికి పట్టుకున్నారు. నీళ్ళు మోసి, కట్టెలు ఏరి, నిప్పు రాజేసి, తామే రైలు నడుపుకుంటూ సామానంతా నదికి ఇవతలికి తెచ్చేశారు. ఆ తర్వాత వంతెన పేల్చేశారు. 1951 మార్చిలో రంగరాజ్, ఆయన మనుషులు కొందరు అమెరికన్ పారాట్రూపర్లతో పాటు దూకి శత్రువు వెనక వైద్యం చేశారు. రంగరాజ్‌కి మహావీర్ చక్ర వచ్చింది.

యుద్ధం ఆగాక పని ఇంకా చిక్కుది. సొంత దేశానికి తిరిగి వెళ్ళబోమని మొండికేసిన 22 వేలకు పైగా చైనా, కొరియా ఖైదీలను చూసుకోవడానికి తటస్థ దేశాల కమిషన్ వేశారు. దానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. కాపలాకి భారతదేశం 6 వేల మంది దాకా పంపింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారతీయులు తన నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. దాంతో ఓడ దిగినవాళ్ళని దిగినట్టే హెలికాప్టర్లలో ఎక్కించి సరిహద్దు మధ్య ప్రాంతానికి చేర్చారు. క్యాంపుల్లో ఖైదీలు రాళ్ళు రువ్వారు, మనవాళ్ళని బందీలుగా పట్టుకున్నారు. అయినా 1954 మొదట్లో పని ముగించుకుని వచ్చారు. ఏ వైపుకీ పోమన్న 88 మంది ఖైదీలు మనవాళ్ళతో పాటే ఇండియాకి వచ్చారు. కాల్పులు జరిపి గెలవడం కంటే ఇలాంటి పనికి ఓపిక ఎక్కువ కావాలి.

కాంగోలో మాత్రం నిజంగా యుద్ధమే జరిగింది. ఆ దేశం నుంచి విడిపోతామన్న కటాంగా రాష్ట్రం తిరుగుబాటును అణచడానికి ఐక్యరాజ్యసమితి పంపిన మన బ్రిగేడ్‌తో పాటు వైమానిక దళం కాన్‌బెర్రా బాంబర్లు కూడా వెళ్ళాయి. 1961 డిసెంబరు 5న ఎలిజబెత్‌విల్ దగ్గర కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా కొద్దిమంది గూర్ఖాలతో తనకంటే ఎన్నో రెట్లున్న బలగం మీదికి దూకి ప్రాణమిచ్చాడు. సమితి దళంలో ఉండి పరమవీర చక్ర పొందినవాడు ఆయనొక్కడే. 1967 జూన్‌లో గాజాలో కాపలా ఉన్న మన జవాన్లు ఇజ్రాయెల్ దాడిలో చనిపోయారు. 2000 జులైలో సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులు చుట్టుముట్టిన గూర్ఖా కంపెనీలను ఆపరేషన్ ఖుక్రీతో బయటికి తెచ్చారు. ఇప్పటిదాకా సమితి తరఫున 2,90,000 మందికి పైగా భారతీయులు వెళ్ళారు, 180 మంది దాకా చనిపోయారు. టీవీలో వీటి గురించి ఎంత వస్తుందో మీకే తెలుసు.

ఇక శ్రీలంక. 1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాడే గౌరవ వందనం తీసుకుంటుంటే ఒక శ్రీలంక నావికుడు రాజీవ్‌ని తుపాకీ మడమతో కొట్టాడు. అదే రోజు మన దళాలు జాఫ్నా దగ్గర పలాలి విమానాశ్రయంలో దిగుతున్నాయి. ముందుగా వెళ్ళింది సికింద్రాబాద్‌లో ఉండే 54వ పదాతి డివిజన్. కాగితం మీద పని తేలిక. తమిళ మిలిటెంట్లు ఆయుధాలు అప్పగిస్తారు, మనం తీసుకుంటాం, శాంతి వస్తుంది. మొదట్లో జాఫ్నా జనం మనకి పూలదండలు వేశారు.

ఆ మిలిటెంట్లలో బలమైన దళం ఎల్‌టీటీఈ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, అక్కడుంది అసలు చిక్కు. అంతకుముందు కొన్నేళ్ళుగా ఆ కుర్రాళ్ళకి ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది మన దేశమే. వాళ్ళకి మన పద్ధతులు తెలుసు, మనకి వాళ్ళ ఊళ్ళు తెలియవు. అక్టోబరులో యుద్ధం మొదలైంది. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లతో కమాండోలను, సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్ళని దించారు. మన వైర్‌లెస్ మాటలు విని వాళ్ళు సిద్ధంగా కూర్చున్నారు. దిగిన సిక్కు సైనికులు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు.

నేను సాపర్‌ని కాబట్టి నా కళ్ళు రోడ్డు మీదే ఉండేవి. తారు కింద పాతిపెట్టిన మందుపాతరకి వైరు దూరంగా ఏ కొబ్బరితోటలోకో పోయేది, అక్కడ ఒక కుర్రాడు బ్యాటరీ పట్టుకుని కూర్చునేవాడు. బెంగుళూరు సెంటర్‌లో నేర్చుకున్న కొద్దిపాటి తమిళం వల్ల ముసలివాళ్ళతో మాట్లాడగలిగేవాళ్ళం. "మీరు మమ్మల్ని కాపాడటానికి వచ్చారనుకున్నాం" అని అడిగితే చెప్పడానికి మాట దొరికేది కాదు. మా వైపు తప్పులూ చిన్నవి కావు. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి మన దళాలు జరిపిన కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. లోపలి నుంచి మిలిటెంట్లు కాల్చారని సైన్యం చెప్పింది. ఆ మాట చెప్పినంత మాత్రాన ఆ చావుల బరువు తగ్గదని యూనిఫాం వేసుకున్నవాడిగానే అంటున్నాను.

మొత్తం 70 వేలకు పైగా సైన్యం ఉన్న దశ కూడా ఉంది. రెండున్నరేళ్ళలో 1,100 మందికి పైగా చనిపోయారు. ఈలోగా కొలంబోలో ప్రేమదాస అధ్యక్షుడయ్యాడు. ఆయన మనల్ని వెళ్ళిపొమ్మన్నాడు, మనతో పోరాడుతున్న ఎల్‌టీటీఈకే ఆయుధాలిచ్చాడు. ఢిల్లీలో వి.పి. సింగ్ ప్రభుత్వం వచ్చి వెనక్కి పిలిపించింది. 1990 మార్చి 24న చివరి దళాలు ఓడెక్కాయి. మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి అక్కడి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. తమిళులను చంపి వచ్చిన సైన్యానికి దండ వెయ్యలేనన్నది ఆయన వైఖరి. ఆయన రాజకీయం ఆయనది. వెళ్ళమన్నది పార్లమెంటుకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వం. దిగినవాడు మాత్రం ఉత్తరాది పల్లెవాడో, ప్రకాశం జిల్లా కుర్రాడో. కొలంబో దగ్గర శ్రీలంక ప్రభుత్వం మన మృతులకి 2008లో స్మారకం కట్టింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం మీద వాళ్ళ పేర్లు రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

శ్రీలంకలో ఓడిపోయామా అంటే, సైనికంగా జాఫ్నా పట్టుకున్నాం. చేయాల్సిన పని ఏమిటో స్పష్టంగా చెప్పకుండా పంపితే పట్టుకున్నా ఉపయోగం ఉండదు. 1971లో బంగ్లాదేశ్‌లో యుద్ధం 13 రోజుల్లో ముగిసి, 1972 మార్చికల్లా మన సైన్యం వెనక్కి వచ్చేసింది. 1988 నవంబరు 3 రాత్రి మాల్దీవుల అధ్యక్షుడు సాయం అడిగితే ఆగ్రా నుంచి పారాట్రూపర్లు విమానాల్లో నేరుగా హుల్హులే దీవిలో దిగి గంటల్లో కుట్రను అణిచారు. ఓడలో పారిపోతున్నవాళ్ళను మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ గోదావరి వెంటాడి పట్టుకుంది. ఆ రెండుసార్లూ ఎందుకు వెళ్తున్నామో, ఎప్పుడు వస్తామో ముందే తెలుసు.

శ్రీలంక దెబ్బ ఎంత లోతుగా తగిలిందో 2003లో కనిపించింది. ఇరాక్‌ని ఆక్రమించాక అమెరికా మనల్ని ఒక డివిజన్ మొత్తం, 17 వేల మంది దాకా, పంపమని అడిగింది. ఢిల్లీలో కొందరికి ఆశ కూడా కలిగింది. అగ్రరాజ్యం పక్కన నిలబడవచ్చు, కాంట్రాక్టులు రావచ్చు. వాజ్‌పేయి ప్రభుత్వం కొన్ని వారాలు తర్జనభర్జన పడి, జులై 14న ఐక్యరాజ్యసమితి స్పష్టంగా అధికారం ఇస్తే తప్ప పంపేది లేదని తేల్చేసింది. నా దృష్టిలో స్వతంత్ర భారతం తీసుకున్న మంచి సైనిక నిర్ణయాల్లో అదొకటి. మీ ముత్తాతగారి తరాన్ని బస్రాకి పంపేటప్పుడు ఎవరూ అడగలేదు. తొంభై ఏళ్ళు తిరగకముందే అదే దేశానికి రమ్మని బతిమాలితే రామని చెప్పగలిగాం.

ఇప్పుడు మీ పతకం సంగతి. వెండిది, గుండ్రంగా ఐదో జార్జి తల ఉంటే అది బ్రిటిష్ వార్ మెడల్. అదే నమూనా కంచులో ఉంటే ఆయన పోరాడే సిపాయిగా కాక కూలీ దళంలోనో, అలాంటి సహాయక దళంలోనో వెళ్ళాడని అర్థం. రెక్కల దేవత బొమ్మతో, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో ఉన్న కంచు పతకం వేరు, అది విక్టరీ మెడల్. దాన్ని చూసి కూలీ అనుకోకండి. నక్షత్రం ఆకారంలో ఉంటే 1915 ముగిసేలోపే యుద్ధరంగానికి చేరాడన్నమాట. రిబ్బను మీద "ఇరాక్" అని పట్టీ ఉంటే యుద్ధం తర్వాత అక్కడి తిరుగుబాటును అణచిన దళాల్లో ఉన్నాడు.

నక్షత్రానికైతే వెనకవైపు, గుండ్రటివాటికి అంచు మీద భూతద్దం పెట్టి చూడండి. నంబరు, హోదా, పేరు, దళం ఇంగ్లీషు పొడి అక్షరాల్లో చెక్కి ఉంటాయి. "క్యూ.వి.ఓ. ఎస్ అండ్ ఎం" అని ఉంటే మా మద్రాస్ సాపర్సే. "ఎస్ అండ్ టి" అంటే సరుకు రవాణా దళం. పేరు స్పెల్లింగు మీరు అనుకున్నట్టు ఉండదు, రాసిన గుమాస్తాకి ఎలా వినిపిస్తే అలా రాశాడు. యుద్ధ సమాధుల సంస్థ వెబ్‌సైట్‌లో వెతకమని చాలామంది సలహా ఇస్తారు. అందులో ఉండేది చనిపోయినవాళ్ళే, ఆయన తిరిగొచ్చాడు కాబట్టి దొరకడు. ముందు ఆ అక్షరాలు నాకు రాసి పంపండి, దళం ఏదో చూద్దాం. పతకాన్ని మాత్రం చింతపండు పెట్టి తోమకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి.